లిత్వినోవ్: నోట్ల నంబర్ల నుంచి ఒప్పందాల షరతుల దాకా

సోవియట్ విదేశాంగ మంత్రిగా పనిచేసిన మాక్సిం లిత్వినోవ్ 1876లో బియాలిస్టోక్‌లో పుట్టాడు. 1902లో కీవ్ జైలు నుంచి తప్పించుకుని, ఆ తర్వాత లెనిన్ నడిపిన బోల్షివిక్ పార్టీకి ఆయుధాలు కొనే పని చూశాడు. 1907లో టిఫ్లిస్‌లో (నేటి జార్జియా రాజధాని టిబిలిసి) బోల్షివిక్కులు దోచిన డబ్బులో 500 రూబుళ్ల నోట్లున్నాయి. వాటి నంబర్లు అప్పటికే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. అందుకే 1908 జనవరిలో ఆ నోట్లతో పారిస్‌లో దొరికిపోయాడు.

దౌత్యంలో ఆయన పనితనం నాకు అన్నిటికన్నా బాగా కనిపించేది 1929 ఫిబ్రవరి 9న మాస్కోలో కుదిరిన ప్రోటోకాల్‌లో. యుద్ధాన్ని నిషేధించే కెల్లాగ్ ఒప్పందం అమల్లోకి రావాలంటే మొదట సంతకం చేసిన 15 దేశాలూ ఆమోదించాలి. అంతదాకా ఎదురుచూడకుండా, ఆమోదించిన పొరుగు దేశాల మధ్య వెంటనే అమలయ్యేలా లిత్వినోవ్ షరతు మార్చాడు. సోవియట్ యూనియన్‌తో బెస్సరేబియా ప్రాంతం ఎవరిదన్న తగాదా తెగకపోయినా రుమేనియా సైతం సంతకం పెట్టింది. చిన్న మార్పే, కానీ ఎంత పదునైనదో!

1933 నవంబర్ 16న సోవియట్ ప్రభుత్వానికి అమెరికా గుర్తింపు సాధించాడు. విప్లవానికి ముందటి రష్యా అమెరికాకు పడ్డ పాత బాకీల లెక్క మాత్రం 7.5 కోట్లకు తగ్గకుండా, 15 కోట్ల డాలర్ల లోపు అంటూ తేల్చకుండా వదిలేశారు. పైగా సోవియట్లు చేతికిచ్చే అప్పు అడిగారు, అమెరికా సరుకు కొనడానికి అరువు మాత్రమే అంది. 1935 జనవరిలో చర్చలు తెగిపోయాయి.

1939 మే 3న విదేశాంగ పదవి పోయింది, ఆ స్థానంలోకి స్టాలిన్ సన్నిహితుడు మొలొటోవ్ వచ్చాడు. 1941లో హిట్లర్ దాడి తర్వాత లిత్వినోవ్‌నే మళ్లీ పిలిచి, రాయబారిగా వాషింగ్టన్ పంపారు.