ఎవరి ఉప్పు తింటున్నాను?

పోయిన నెల మంచు పడిన ఒక పొద్దున, అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న వారెన్‌లో మా ప్లాంటు ముందు కారు ఆపి దిగుతుంటే పక్క ట్రక్కులోంచి ఒక పెద్దాయన పిలిచాడు. సీట్ల లైనులో ముప్ఫై ఏళ్లుగా ఉన్న మనిషి. నా కియా సొరెంటో వైపు చూపించి, "నీకు జీతం వచ్చేది ఎవరి బండ్ల మీద? నువ్వు నడిపేది ఎవరి బండి?" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడిలా కనబడ్డానా అని ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఈ మాట కొత్త కాదు. డియర్‌బోర్న్‌లో ఫోర్డ్, ఆబర్న్ హిల్స్‌లో స్టెలాంటిస్ (పాత క్రైస్లర్), డెట్రాయిట్‌లో జీఎం (జనరల్ మోటార్స్). ట్రాయ్‌లో, నోవైలో ఉన్న తెలుగువాళ్లలో చాలామంది ఆ మూడింటికో, వాటికి విడిభాగాలిచ్చే కంపెనీలకో పనిచేసేవాళ్లే. కొన్ని ప్లాంట్లలో వేరే కంపెనీ కార్లకు పార్కింగ్ దూరంగా ఇస్తారు. యూనియన్ హాళ్ల దగ్గర విదేశీ కార్లు పెట్టొద్దని బోర్డులు కూడా ఉంటాయి. ఇవన్నీ తెలిసే కియా కొన్నాను. ఎందుకో ఆయనకు చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది పెనుకొండ దగ్గర పల్లె. శనక్కాయ పంట ఎండిపోతే బెంగళూరు బస్సెక్కడం తప్ప వేరే దారి తెలియని ప్రాంతం. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలైంది. మా తమ్ముడు అక్కడి విడిభాగాల కంపెనీలో చేరాడు, బెంగళూరు పోకుండా ఇంటి పట్టున ఉన్నాడు. నేను సెకండ్ హ్యాండ్‌లో ఈ కారు కొని వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ ముందు ఆ గుర్తునే పట్టుకుంది. "ఇది మన పెనుకొండ కారే కదప్పా!" అంది. అమ్మకు అది కొరియా కంపెనీ కాదు, చిన్నకొడుకును ఇంట్లో ఉంచిన కంపెనీ.

మధ్యాహ్నం బ్రేక్‌లో ఆయన దగ్గరికి నేనే వెళ్లాను. ఈ సొరెంటో ఇక్కడి జార్జియా రాష్ట్రంలో బిగించిందే, మీ దేశం కార్మికులే చేశారు, ఫోర్డ్ మావరిక్ ట్రక్కు మాత్రం మెక్సికోలో తయారవుతుంది, మరి ఏది విదేశీ అని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. "జార్జియా ప్లాంటులో యూనియన్ లేదు" అన్నాడు. 2009లో జీఎం, క్రైస్లర్ దివాలా తీసినప్పుడు లైను ఆగిపోయి, ఇంటి వాయిదాలు కట్టలేక పడిన అవస్థ చెప్పాడు. తర్వాత నన్ను తన ట్రక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. రోడ్డు మీద చల్లే ఉప్పుకు చక్రాల పైన రేకు తినేసి ఉంది. తలుపు తీసి సీటు అంచు మీద కుట్టును వేలితో తడిమాడు. ఆ వేలు మొదటి కణుపు దగ్గర వంకరపోయి ఉంది. "ఇది మా లైనుదే" అన్నాడు.

అప్పటిదాకా నా వాదన గెలిచిందనే అనుకుంటున్నాను. ఆ వేలు చూశాక వాదించాలనిపించలేదు.

ఇక్కడికి దగ్గర్లోనే, హైలాండ్ పార్కులో, ఫోర్డ్ 1914లో రోజుకు 5 డాలర్ల జీతం మొదలుపెట్టింది. కార్లు బిగించేవాళ్లు కార్లు కొనుక్కునే దారి అక్కడే తెరుచుకుంది. ఈ ఊళ్లో కారంటే హోదా కాదు, చేతిపని. డెట్రాయిట్‌లో కారు లేని ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మంచులో బస్సు కోసం నిలబడేవాళ్లను దారిలో రోజూ చూస్తాను. అయినా ఈ పెద్దాయన తాను కుట్టిన సీటు మీద కూర్చునే డ్యూటీకి వస్తున్నాడు. మా తమ్ముడికి ఉన్నది బైకు. వాడి లైను మీదుగా పోయే కియా సెల్టోస్ కారు కొనాలంటే పది లక్షల పైమాట. మనకు ఫ్యాక్టరీ రావడమే పండగైపోయింది. బిగించేవాడికి కారు ఎప్పుడొస్తుందని మన ఊళ్లో ఎవరూ అడగగా నేను వినలేదు.

సాయంత్రం ఆ సీటు ఫోటో తమ్ముడికి పంపాను. అక్కడ తెల్లవారుజాము ఐదున్నర. వెంటనే ఫోన్ చేశాడు.

"కుట్టు బాగుందన్నా. ఆయన సొంత బండేనా?"

"సొంతదే రా."

కాసేపు ఏమీ అనలేదు. వెనక హారన్ వినబడింది.

"డ్యూటీ బస్సు వచ్చిందన్నా, పెట్టేస్తా."