పన్నెండేళ్ల తర్వాత మళ్లీ బ్యాలెన్స్ షీట్

ఈ సాయంత్రం ఫైనాన్షియల్ అకౌంటింగ్ ఫైనల్ పరీక్ష రాసి, కారులో పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయాను. గుంటూరులో బీకాం అయిపోయి పన్నెండేళ్లు. ఇప్పుడు అమెరికాలో, కాలిఫోర్నియాలోని కుపర్టినోలో ఉన్న డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్.

మొదటి వారం ఎంత టెన్షన్ పడ్డానో! బ్యాలెన్స్ షీట్ అంటే వ్యాపారం ఆస్తులు, అప్పుల పట్టిక. బీకాంలో మనం అందులో అప్పులు ఎడమవైపు, ఆస్తులు కుడివైపు రాసేవాళ్లం. భవనాలు, యంత్రాలు ముందు, చేతిలో నగదు చివర. ఇక్కడ ఆస్తులు ఎడమవైపు, అందులోనూ నగదే మొదటి పద్దు. చెయ్యి మాత్రం పాత వైపే పోయేది. ఎటు రాసినా ఆస్తుల మొత్తం, అప్పులూ మూలధనమూ కలిపిన మొత్తానికి సరిపోవాల్సిందే కదా అని తట్టాక, చదివిందేదీ వృథా పోలేదని ధైర్యం వచ్చింది.

నా పక్కన కూర్చునే ఆయనకు యాభై దాటాయి. చిన్న హోటల్ నడుపుతారు, లెక్కలు తనే చూసుకోవాలని చేరారు. డెబిట్, క్రెడిట్ నేను చెప్పేదాన్ని. పనివాళ్ల జీతం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదని ఆయన చెప్పింది నోట్సులో రాసుకున్నాను.

కాలిఫోర్నియా వాసులకు ఫీజు యూనిట్‌కు 31 డాలర్లు (ఒక్కో కోర్సుకు ఇన్ని యూనిట్లని లెక్క), అందుకే చేరగలిగాను. ఇక్కడి నుంచి యూనివర్సిటీకి మారడానికి పనికొచ్చే ట్రాన్స్‌ఫర్ డిగ్రీకి 90 యూనిట్లు కావాలి. ఇంకా చాలా ఉంది.

అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్నే. "నీ బీకాం పుస్తకాలు అటక మీదే ఉన్నాయే, మీ నాన్నని అమ్మనివ్వలేదు" అంది.