గోడ మీద బంగాళాఖాతం

చెన్నై తిరువాన్మియూరులో కాపురముంటూ, కాస్త నడిస్తే అసలు సముద్రమే ఎదురయ్యే చోట, ఇంటి గోడల మీద మళ్ళీ సముద్రాన్ని వేయించుకోవడమేమిటని మా బంధువులు చాలామంది అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే మా ఫ్లాటు కిటికీలన్నీ ఎదుటి అపార్ట్‌మెంట్ల గోడలనే చూస్తాయి. సముద్రం గాలి రూపంలో, తలుపుల గొళ్ళేలకు పట్టే తుప్పు రూపంలో ఇంట్లోకి వస్తుందే తప్ప కంటికి ఆనదు. అందుకే హాలుకూ పడకగదికీ పిల్లల గదికీ ఒక్కొక్క గోడను సముద్రానికి విడిచిపెట్టాలని నేనూ మా ఆవిడా నిశ్చయించుకున్నాము. ఆ పని మొదలుపెట్టగానే తేల్చుకోవలసి వచ్చిన సంగతి ఒకటుంది: గోడ మీదికి రావలసినది ఏ సముద్రం?

దుకాణాలలో చూపించే కేటలాగులు ఈ ప్రశ్న వేయవు. వాటిలో సగం సూర్యాస్తమయాలు. తక్కినవి గాజులా మెరిసే లేత నీలి నీళ్ళు, తెల్లని ఇసుక, వంగిన కొబ్బరిచెట్లు. చెన్నై తీరం తూర్పుముఖంగా ఉంటుంది కాబట్టి ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి మేడల వెనక అస్తమిస్తాడు. నీళ్ళలో కుంకే సూర్యుణ్ణి చూడాలంటే మంగళూరో గోవానో వెళ్ళాలి. మచిలీపట్నం నుంచి మెరీనా దాకా ఏ ఒడ్డున పెరిగినవారికైనా ఆ కేటలాగు బొమ్మ పరాయిగా తోచడానికి ఇదొక కారణం. రెండో కారణం రంగు.

సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా నమ్మేవారు. 1921లో ఇంగ్లండు నుంచి తిరిగి వస్తున్న సి.వి. రామన్, మధ్యధరా సముద్రం మీదుగా వచ్చే నార్కుండా అనే ఓడ మీద నిలబడి, నీటి పైభాగం నుంచి పరావర్తనమయ్యే ఆకాశకాంతిని ఒక పట్టకంతో తొలగించి చూసి, అప్పటికీ నీలం మిగిలే ఉందని, నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయని వాదించారు. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచిందని, ఆ తరువాత చదివిన ప్రెసిడెన్సీ కళాశాల మెరీనాకు ఎదురుగానే ఉందని తలుచుకుంటే, ఆ ప్రశ్న మధ్యధరా సముద్రం మీదనే ఎందుకు పుట్టిందా అని నాకు నవ్వు వస్తుంది. బహుశా మన తీరంలో నీరు అంత నీలంగా ఉండకపోవడమే కారణమేమో. నీరు ఎర్రని కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి లోతైన, తేటైన సముద్రం నీలంగా కనిపిస్తుంది. ఒడ్డుకు దగ్గరగా మాత్రం అలలు కలిపే ఇసుక, నదులు తెచ్చే ఒండ్రు, పత్రహరితంతో నిండిన సూక్ష్మజీవులు ఉండడం వల్ల నీటికి ఆకుపచ్చ, గోధుమ ఛాయలు వస్తాయి.

మా గోడకు ఈ జ్ఞానం నేరుగా పనికివచ్చింది. నీలిరంగు డబ్బా ఒకటి తెచ్చి గోడంతా పూయించకుండా, కింద తడి ఇసుక రంగు, దానిపైన బూడిద కలిసిన ఆకుపచ్చ, దూరాన సన్నని పట్టీగా మాత్రమే ముదురు నీలం వేయించాము. చూసినవారెవరూ "ఇది ఏ దేశం?" అని అడగలేదు.

రంగుకన్నా ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది, నీరూ ఆకాశమూ కలిసే గీత. ఒడ్డున నిలబడినప్పుడు ఆ గీత ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే కనిపిస్తుంది. మనం కూర్చుంటే అదీ దిగుతుంది, మేడ ఎక్కితే అదీ ఎక్కుతుంది. నిలబడిన మనిషికి అది దాదాపు 4.5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. గోడ మీద దానిని 7 అడుగుల ఎత్తున గీయిస్తే, ఎదురుగా కూర్చున్నవారికి నీళ్ళు తమ మీదికి లేచి నిలబడినట్టు తోచి, కారణం తెలియకుండానే ఇబ్బందిగా ఉంటుంది. హాలులో మనం ఎక్కువసేపు కూర్చునే ఉంటాము కాబట్టి నేల నుంచి సుమారు 4 అడుగుల ఎత్తున ఆ గీతను ఉంచాలని నేను పట్టుబట్టాను. అలా చేస్తే గోడలో సగానికి పైగా ఆకాశమే అవుతుంది, ఆకాశం లేతరంగు కాబట్టి గది పెద్దదిగా కనిపిస్తుంది, పైగా సోఫా వెనక దాగిపోయే కింది భాగంలో గవ్వలనూ పీతలనూ వివరంగా గీయించి డబ్బు వృథా చేయనక్కరలేదు.

ఏ గోడ అన్నది మరొక పేచీ. ఈశాన్యం జలస్థానం కాబట్టి నీళ్ళ బొమ్మ తూర్పు గోడకో ఉత్తరపు గోడకో ఉండాలని మా అత్తగారు అన్నారు. వాస్తు మీద నాకు పెద్ద గురి లేకపోయినా, సూర్యోదయపు సముద్రం తూర్పున ఉండడం సబబుగానే తోచి ఒప్పుకున్నాను. చిక్కు ఎక్కడంటే, చెన్నైకి అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది, ఆ జల్లు నేరుగా కొట్టేది కూడా తూర్పు గోడనే. బయటి ముఖంలో సన్నని పగుళ్ళుంటే చెమ్మ లోపలికి దిగుతుంది. అటువంటి గోడకు వినైల్ వాల్‌పేపరు అంటిస్తే, ప్లాస్టిక్ పొర గుండా తేమ బయటికి పోలేక వెనకే నిలిచిపోయి, మొదట అంచులు లేస్తాయి, ఆపైన నల్లని బూజు మచ్చలు వస్తాయి. మా మెట్ల పక్క ఫ్లాటులో పగడపు దిబ్బల వాల్‌పేపరుకు సరిగ్గా ఇదే గతి పట్టింది.

గోడ సంగతి తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. షీటు వెనక నీటి బొట్లు కనిపించినా, గోడ రంగు ముదిరినా చెమ్మ గోడలోనే ఉన్నట్టు. అప్పుడు బయటివైపు పగుళ్ళు పూడ్పించి, వాటర్‌ప్రూఫ్ పూత వేయించి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగడం తప్ప దగ్గరి దారి లేదు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడకైతే కనీసం నాలుగు వారాలు గడువివ్వాలి. చౌడు పట్టి తెల్లని పొడి రాలుతున్న చోట పుట్టీ పూసి కప్పేస్తామనే పెయింటరు మాటను నమ్మకూడదు, ఆ ఉప్పు పుట్టీని కూడా తోసుకుని బయటికి వస్తుంది. ఇదంతా ఆలోచించి తూర్పు గోడకు చేతితో వేసే బొమ్మనూ, రెండు గదుల మధ్య ఉండే లోపలి గోడలకు ప్రింటునూ ఎంచుకున్నాము. ప్రింటు కూడా వినైల్ కాకుండా, తేమను కొంత బయటికి వదిలే నాన్‌వోవెన్ రకం.

హాలు బొమ్మ వేసిన పెద్దాయన ఒకప్పుడు సినిమా బ్యానర్లు గీసినవారు. మౌంట్ రోడ్డు మీద హీరోల నిలువెత్తు ముఖాలను చేతితో గీసిన ఆ చిత్రకారుల పనిని ఫ్లెక్సీ ప్రింట్లు మింగేశాయి. చిన్న కాగితం మీది బొమ్మకు గళ్ళు గీసి, గోడ మీద అవే గళ్ళను సుద్దపొడి రాసిన దారంతో కొట్టి, గడి తరువాత గడి నింపుకుంటూ పోవడం ఆయన పద్ధతి. మెరుపులేని మ్యాట్ ఎమల్షన్ అడిగింది కూడా ఆయనే. మెరిసే రంగైతే కిటికీ వెలుతురు పడి ఆకాశంలో తెల్లని మచ్చ తేలుతుందన్నారు. దీపాల విషయంలో నేను చేర్చగలిగినది కొంచెమే: 2700 కెల్విన్ పసుపు బల్బుల కింద నీలం మాసినట్టు కనిపిస్తుంది, 4000 కెల్విన్ ప్రాంతంలో దాని రంగు దానికి వస్తుంది.

పడకగదికి మేమే తీసిన ఫోటోను ప్రింటు చేయించాలన్న కోరికకు లెక్క అడ్డువచ్చింది. 12 మెగాపిక్సెళ్ళ ఫోన్ ఫోటోలో అడ్డంగా 4000 పిక్సెళ్ళుంటాయి. 12 అడుగుల గోడ అంటే 144 అంగుళాలు కాబట్టి, అంగుళానికి 28 చుక్కలు కూడా పూర్తిగా రావు. ఆరేడు అడుగుల దూరం నుంచి చూసే గోడకు 70 నుంచి 100 దాకా ఉంటేనే బొమ్మ నిండుగా కనిపిస్తుంది. పనోరమాలో ముక్కలు ముక్కలుగా తీసి కలిపిన ఫోటో ఈ అవసరాన్ని తీర్చింది. ప్రింటు చేసేవారు మాత్రం హొకుసాయి గీసిన జపాను పెద్ద అల బొమ్మను పదేపదే చూపించారు. 1830ల నాటి ఆ చిత్రం గొప్పదే, కానీ అందులో పడవల్లోని మనుషులు ప్రాణాలు అరచేత పట్టుకుని వంగి ఉంటారు. దానిని తలవైపు పెట్టుకుని ఎలా నిద్రపోతారో నాకు అర్థం కాదు.

పిల్లల గదే అన్నిటికన్నా తృప్తినిచ్చింది. రెడీమేడ్ బొమ్మల్లో ఏ మహాసముద్రపు చేపలనైనా ఒకే గోడ మీద ఈదిస్తారు. మేము తాబేళ్ళతో సరిపెట్టుకున్నాము, ఎందుకంటే జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చేది మా ఇంటి దగ్గరి ఇసుక మీదికే. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ విద్యార్థులు 1988 నుంచి రాత్రుళ్ళు ఈ ఒడ్డున నడిచి, ఆ గుడ్లను భద్రమైన చోటికి చేర్చి, వాటిలోంచి వచ్చిన తాబేలు పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు. పెద్ద తాబేలు డిప్ప రెండడుగుల పైచిలుకు ఉంటుంది కాబట్టి గోడ మీద కూడా అంతే కొలతతో వేయించాము; మా అబ్బాయి దాని పక్కన చేయి చాపి కొలుచుకుంటాడు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఉన్నవైపు పాకుతాయి కాబట్టి, బొమ్మలోని చిన్న తాబేళ్ళన్నీ వెన్నెల పడిన నీటివైపే తిరిగి ఉన్నాయి.

గోడకు తోడుగా పగడపు ముక్కలు, ఎండబెట్టిన సముద్రపు గుర్రాలు అలమారలో పెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతున్నది, కొనడం కూడా నేరమే. ఇక అద్దె ఇళ్ళలో ఉండేవారు, ఖాళీ చేసేటప్పుడు ఓనరుతో సున్నం డబ్బుల పేచీ ఎందుకనుకుంటే, గోడ వెడల్పుకు సరిపడా కాన్వాసును మూడు నాలుగు చట్రాలుగా కట్టించి వాటి మీద వేయించుకోవచ్చు. చట్రానికీ గోడకూ మధ్య అరంగుళం గాలి ఆడేలా వదిలితే చెమ్మ భయం కూడా తగ్గుతుంది, ఇల్లు మారేటప్పుడు సామాన్ల లారీలో నిలువుగా పెట్టుకుని తీసుకుపోవచ్చు.