ఒకే మందు, రెండు పేర్లు

సోమవారం

సోమవారం ఓపీ ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది. తిరుపతి వాళ్ళే కాక పాకాల, పుత్తూరు, పీలేరు వైపు నుంచి తెల్లవారకముందే బయలుదేరిన వాళ్ళు కూడా ఎనిమిదింటికల్లా ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి ఉంటారు. మందుల చీటీలలో దొర్లే పొరపాట్లపై మా ఫార్మసీ విభాగం చేస్తున్న అధ్యయనం కోసం, నేను మందులిచ్చే కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఒప్పుకున్న వారి చీటీలతో పాటు వారు ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ చూసి నమోదు చేస్తున్నాను.

ఈ రోజు పాకాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన సంచిని నా బల్ల మీద బోర్లించారు. షుగరుకు ఊరి దగ్గరి క్లినిక్‌లో రాసిన మాత్రలు ఒక అట్ట, ఆ తరువాత తిరుపతిలో మరొక డాక్టరు రాసినవి ఇంకొక అట్ట. రంగులు వేరు, కంపెనీలు వేరు, పైనున్న పేర్లు వేరు. అట్టలు తిప్పి రేకు మీది సన్నటి అక్షరాలు చదివితే రెండింటిలోనూ ఉన్నవి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లే. ఆవిడ రెండూ వేసుకుంటున్నారు. "మధ్యాన్నమైతే చాలు నాయనా, చెమట్లు పోసి కాళ్ళూ చేతులూ వణకతా ఉండాయి. కొత్త మాత్ర ఒంటికి పడేదాకా అంతేనేమో అనుకుంటిని" అన్నారు. పక్కింటి వాళ్ళు చక్కెర నీళ్ళు తాగిస్తే తేరుకున్నారట. గ్లిమెపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడకుండా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మోతాదు రెట్టింపై, పైగా భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆవిడను వెంటనే డాక్టరు గారికి చూపించాను. ఆయన పరీక్ష చేయించి ఒక అట్ట ఆపించారు.

పొరపాట్లను వాటి ఫలితాన్ని బట్టి 'ఏ' నుంచి 'ఐ' వరకు తొమ్మిది తరగతులుగా విభజించే పట్టికను మేము వాడుతున్నాము. రోగిని చేరక ముందే పట్టుబడినది 'బి', తాత్కాలిక హాని కలిగి చికిత్స అవసరమైనది 'ఇ'. ఆవిడది 'ఇ' కింద రాశాను. డాక్టరు పేరుకు మా ఫారంలో గడి లేదు, ఉండకూడదు కూడా. పేర్లు రాయడం మొదలుపెడితే పొరపాట్లు దాచడం మొదలవుతుంది.

చీటీలు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో, జనరిక్ పేర్లతో (కంపెనీ పెట్టిన పేరు కాక, అసలు మందు పేరుతో) రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధనను సవరించింది. అది అవసరమైన సవరణే. అయితే ఆవిడ చీటీలు రెండూ శుభ్రంగా చదవదగ్గవే. రెండవది కంప్యూటరు ముద్రించినది. లోపం చేతిరాతలో లేదు, రెండవ డాక్టరు ముందుకు మొదటి డాక్టరు చీటీ రాకపోవడంలో ఉంది. మందుల వల్ల కలిగే తీవ్రమైన, నివారించదగిన హానిని ఐదేళ్ళలో 50 శాతం తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో లక్ష్యం పెట్టుకున్నప్పుడు ముఖ్యమని గుర్తించిన మూడు అంశాలలో, ఎక్కువ మందులు ఒకేసారి వాడటం, ఒక వైద్యుని నుంచి మరొకరి దగ్గరకు మారడం కూడా ఉన్నాయి.

మధ్యాహ్నం కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ రాసిన చీటీ ఒకటి కిటికీ దగ్గరే ఆగింది. వారానికి ఒక్కసారి వేసుకోవలసిన ఈ మందును రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. చీటీలో ఎన్ని మాత్రలో ఉంది కానీ ఏ రోజో లేదు. ఫార్మసిస్టు డాక్టరు గారిని ఫోనులో అడిగి, కవరు మీద 'ఆదివారం మాత్రమే' అని తెలుగులో రాసి ఇచ్చారు. ఇది 'బి'. ఇలాంటి 'బి'లు ఎన్ని ఎక్కువ నమోదైతే నాకు అంత ధైర్యం.

సాయంత్రం సమావేశంలో, ఓపీ చీటీ మీద 'ఇప్పుడు వాడుతున్న మందులు' అనే గడి చేర్చాలని మళ్ళీ అడిగాను. ఒక్కొక్కరికి దొరికే రెండు మూడు నిమిషాలలో అది నింపడం డాక్టర్లకు సాధ్యం కాదన్నారు, అది నిజమే. రోగి లోపలికి వెళ్ళే ముందే సంచి చూసి, జనరిక్ పేర్లతో మా ఫార్మసీ విద్యార్థులు ఆ గడి నింపేటట్టు, ముందుగా షుగరు, బీపీ రోగుల వరుసలో మొదలుపెట్టేటట్టు ఒప్పుకున్నారు.