గోడ మీద భూగోళం: ఎత్తుల పట్టీ అయింది, ఉష్ణోగ్రతల పట్టీ నడుస్తోంది

ప్రపంచంలోని ఎత్తులు, లోతులు, ఉష్ణోగ్రతల రికార్డులను స్కేలు ప్రకారం నిలువు పట్టీల మీద గుర్తించి గోడకు నిలబెడుతున్నాను. ఎత్తులు, లోతుల పట్టీ పూర్తయింది. హాల్లో వంటింటి గుమ్మం పక్కన నిలబెట్టేశాను. ఉష్ణోగ్రతల పట్టీ సగంలో ఉంది. ఎవరికైనా చేసుకోవాలనిపిస్తే పనికొస్తాయని కొలతలతో సహా రాస్తున్నాను.

స్కేలు సెంటీమీటరుకు 100 మీటర్లు. ఎవరెస్టు 8,848.86 మీటర్లు కాబట్టి సున్నా గీతకు పైన 88.5 సెం.మీ. పసిఫిక్ అడుగున మేరియానా అగడ్తలోని ఛాలెంజర్ డీప్ (సముద్రాల్లో అన్నిటికంటే లోతైన చోటు) సున్నాకు కింద 109 చిల్లర. రెండూ కలిపినా రెండు మీటర్లు దాటవు. ఇంతకంటే పెద్ద స్కేలైతే సీలింగు తగులుతుంది, చిన్నదైతే మృత సముద్రం లాంటివి గీతలో కలిసిపోతాయి.

అద్దె ఇల్లు, గోడకు రంగులు పూసే పని పెట్టుకోలేదు. సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ బోర్డు) షీటు 8 అడుగులు బై 4 అడుగులు వస్తుంది. షాపులోనే ఆరంగుళాల పట్టీలుగా కోయించాను. ఎనిమిదడుగుల పట్టీ మామూలు ఆటోలో పట్టదు, ముందే ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. పట్టీ అడుగు స్కర్టింగ్ టైలు మీద ఆనుతుంది, పైన రెండు చిన్న మేకులు చాలు. డబుల్ సైడ్ టేపు మాత్రం వద్దు, ఖాళీ చేసేటప్పుడు పెయింటుతో సహా ఊడొస్తుంది.

పట్టీ అడుగు నుంచి 112 సెం.మీ. దగ్గర సున్నా గీత, అంటే సముద్ర మట్టం. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు కొలుచుకుంటూ పోతే తేడాలు పేరుకుపోతాయి. అందుకే ప్రతిదీ సున్నా నుంచే కొలవాలి. స్టీలు టేపు చివరి కొక్కెం కాస్త కదులుతుంది కాబట్టి 10 అంకె దగ్గర పట్టుకుని మొదలుపెట్టడం మేలు.

పైభాగం త్వరగానే అయింది. ఖండానికొక ఎత్తైన శిఖరం: దక్షిణ అమెరికాలోని ఆకొంకాగువా 69.6, ఉత్తర అమెరికాలోని డెనాలీ 61.9, ఆఫ్రికాలోని కిలిమంజారో 58.9 (సెంటీమీటర్లే), యూరప్‌లోని ఎల్బ్రస్ 56.4, అంటార్కిటికాలోని విన్సన్ 48.9. ఆస్ట్రేలియా దగ్గరే పేచీ. ఖండం వరకే అయితే కోషియస్కో, 22.3. న్యూగినీని కలిపితే పుంచాక్ జయా, 48.8. కోషియస్కోకి నిండు గీత, రెండోదానికి చుక్కల గీత పెట్టాను. ఎల్బ్రస్‌ను ఆసియాలో కలిపేవాళ్ల కోసం ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్‌కీ చుక్కల గీతే.

కింది భాగం ఎక్కువ సమయం తీసుకుంది. పసిఫిక్ తర్వాత అట్లాంటిక్‌లో ప్యూర్టోరికో అగడ్త దాదాపు 84, దక్షిణ మహాసముద్రంలో సౌత్ శాండ్‌విచ్ అగడ్త దక్షిణపు కొస 74, హిందూ మహాసముద్రంలో జావా అగడ్త 72, ఆర్కిటిక్‌లో మొలాయ్ డీప్ 55.5. ఛాలెంజర్ డీప్ లోతుకు 10,920 నుంచి 10,935 మీటర్ల దాకా వేర్వేరు లెక్కలున్నాయి. నా పట్టీ మీద ఆ తగాదా మొత్తం ఒకటిన్నర మిల్లీమీటర్లు. పెన్సిల్ మొన అరిగాక గీసిన గీతలో పట్టేసింది.

శిఖరాల కంటే నాకు ఎక్కువ నచ్చినవి సగటు గీతలు. ప్రపంచంలోని నేలంతటి సగటు ఎత్తు సుమారు 840 మీటర్లు, పట్టీ మీద బెత్తెడు. సముద్రాల సగటు లోతు 3,700 మీటర్లకు కాస్త అటూ ఇటూ, అంటే జానెడున్నర పైనే. ఎదురింటి పిల్లాడు వచ్చి "అంకుల్, మన హైదరాబాద్ ఎక్కడ?" అన్నాడు. సున్నాకు ఐదు సెంటీమీటర్ల పైన చూపిస్తే వాడి ముఖం చిన్నబోయింది. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన జిందగడ కొండ కూడా 17 లోపే ఆగిపోతుందని చెప్పలేదు.

మృత సముద్రం తీరం సున్నాకు నాలుగు సెం.మీ. పైగా కింద. నీరు ఏటా మీటరు దాకా దిగిపోతోంది. అంటే పదేళ్లకు లేబుల్ ఒక మిల్లీమీటరు కిందికి జరపాలి. అదొక్కటి అంటించకుండా గుండుసూదితో గుచ్చాను.

ఇక రెండో పట్టీ. సెంటీమీటరుకు ఒక డిగ్రీ, సున్నా గీత మొదటిదానికి సరిగ్గా ఎదురుగా. అత్యధికం అమెరికాలోని డెత్ వ్యాలీ, 56.7 డిగ్రీలు, 1913 జులై 10. అత్యల్పం అంటార్కిటికాలోని వోస్టోక్ పరిశోధన కేంద్రం, మైనస్ 89.2, 1983 జులై 21. లిబియాలోని అల్ అజీజియా 58 డిగ్రీలని ఎన్నో పాత పుస్తకాల్లో ఉంటుంది. ప్రపంచ వాతావరణ సంస్థ 2012లో దాన్ని కొట్టేసింది. అందుకని నేనూ పెట్టలేదు.

వేడి వైపు లేబుళ్లకు చోటు చాలక టెన్షన్ పెట్టేసింది. యూరప్ 48.8 (సిసిలీ, 2021), దక్షిణ అమెరికా 48.9 (అర్జెంటీనాలోని రివడావియా, 1905), ఆస్ట్రేలియా 50.7, ఆసియా 53.9 (కువైట్‌లోని మిత్రిబా, 2016), ఆఫ్రికా 55 (ట్యునీషియాలోని కెబిలి, 1931). అంటార్కిటికా 18.3 ఒక్కటే దూరంగా ఉంది. తక్కినవన్నీ ఎనిమిది సెంటీమీటర్లలో ఇరుక్కున్నాయి. ఖండాల రికార్డులే అనుకున్నా రాజస్థాన్‌లోని ఫలోదీకి (51, 2016) మినహాయింపు ఇచ్చాను, ఇంకాస్త ఇరుకైంది. లేబుళ్లను కుడికొకటి, ఎడమకొకటి అంటించి సన్న గీతలతో కలిపాను.

చలి వైపు అంతా ఖాళీయే. ఆస్ట్రేలియా మైనస్ 23, ఆఫ్రికా మైనస్ 23.9 (మొరాకోలోని ఇఫ్రాన్), దక్షిణ అమెరికా మైనస్ 32.8. అక్కడి నుంచి చాలా కిందికి వెళ్తే సైబీరియా మైనస్ 67.8, గ్రీన్‌లాండ్ మైనస్ 69.6. నేల కాలేకొద్దీ గాలి పైకి లేచి వేడిని మోసుకుపోతుంది, అందుకే వేడికి ఎక్కడో ఒక అడ్డు పడుతుంది. ధ్రువ రాత్రికి అలాంటి అడ్డు తక్కువ. నెలల తరబడి ఎండ ఉండదు, ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేస్తూనే ఉంటుంది, చల్లబడ్డ గాలి కిందే పడి ఉంటుంది. దక్షిణార్ధ గోళంలో అంటార్కిటికా తప్ప ధ్రువానికి అంత దగ్గరగా పెద్ద నేల లేదు, చుట్టూ సముద్రమే. అందుకే ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా సున్నా వైపే ఉండిపోయాయి. ఆఫ్రికా ఉత్తరపు కొస కూడా ధ్రువానికి దూరమే.

రెండు పట్టీల మధ్య ఎంబ్రాయిడరీ దారాలు కడుతున్నాను. డెత్ వ్యాలీ మొదటి పట్టీలో సున్నా కింద (అట్టడుగు మైనస్ 86 మీటర్లు), రెండో పట్టీలో కొసన. వోస్టోక్ ఎత్తు దాదాపు 3,490 మీటర్లు, అంటే మొదటి పట్టీలో 35 సెం.మీ. పైన, రెండో దాంట్లో అట్టడుగున. ఎర్ర దారం పైకి, నీలం దారం కిందికి, నడుమ కత్తెర పడింది. ఎత్తుకు చలి, పల్లానికి వేడి అని తరగతిలో చెప్పింది ఇక్కడ పూర్తిగా కుదిరింది. సైబీరియా దారం మాత్రం ఈ లెక్కకు లొంగదు. అక్కడ బరువైన చలిగాలి లోయల్లోకి దిగి నిలిచిపోతుంది.

ఇవన్నీ నీడలో, మనిషి ఎత్తుకు అటూ ఇటుగా పెట్టిన పెట్టెలో కొలిచిన గాలి ఉష్ణోగ్రతలు. ఉపగ్రహాలు చూసే నేల ఉష్ణోగ్రత వేరు. ఇరాన్‌లోని లూత్ ఎడారిలో 80.8, తూర్పు అంటార్కిటికా మంచు మీద మైనస్ 98 దాకా ఉంది. వీటిని ఆ పట్టీలో కలిపితే కలగాపులగం అవుతుంది. మూడంగుళాల మూడో పట్టీ కోయించాను, తెల్ల ప్రైమర్ ఆరుతోంది.

మొదటి పట్టీలోనూ ఒకటి మిగిలింది. అంటార్కిటికాలో డెన్‌మన్ హిమానీనదం కింది లోయ సముద్ర మట్టానికి 3,500 మీటర్ల దిగువన ఉంది. నీటి కింద కాదు, మంచు కింద. నేల రంగు వేయాలా, సముద్రపు రంగా అన్నది తేలలేదు. ప్రస్తుతానికి మాస్కింగ్ టేపు ముక్క అంటించి ఉంచాను.