జలియన్‌వాలా బాగ్ సందులో

స్వర్ణమందిరం నుంచి జలియన్‌వాలా బాగ్‌కి నడిచే వెళ్లాం, నేనూ మా అక్కా. లోపలికి దారితీసే సందు దగ్గరికి రాగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఆ గోడలకి ఇప్పుడు శిల్పాలు పెట్టారు. నాకైతే ఉత్త ఇటుకలే ఉండనిస్తే బాగుండేదనిపించింది.

1919 ఏప్రిల్ 13 సాయంత్రం బ్రిటిష్ సైన్యాధికారి డయ్యర్ తెచ్చిన రెండు సాయుధ కార్లు ఈ సందులో పట్టక బయటే ఉండిపోయాయి. వాటిమీద మెషిన్ గన్లున్నాయి. కార్లు లోపలికి వచ్చుంటే వాటితోనే కాల్పించేవాడివా అని ఆ కాల్పులమీద విచారణ జరిపిన హంటర్ కమిటీ అడిగితే, బహుశా అంతే చేసేవాణ్ణన్నాడు. ఈ ఇరుకు మెషిన్ గన్లని ఆపింది. లోపలున్నవాళ్లకి పారిపోయే దారి లేకుండా చేసిందీ ఇదే.

డయ్యర్ కొత్తగా ఓడ దిగినవాడు కాదు. 1864లో, ఇప్పటి పాకిస్తాన్‌లోని ముర్రీలో పుట్టాడు. చదువు మొదలైంది సిమ్లాలో. 1885లో సైన్యంలో చేరి బర్మా, చిత్రాల్, వాయవ్య సరిహద్దు, 1916లో పర్షియాలోని సీస్తాన్ అన్నీ తిరిగాడు. జలంధర్ బ్రిగేడ్ కమాండర్‌గా ఉంటూ అమృత్‌సర్ వచ్చాడు. ఇక్కడి జనాన్ని అన్నేళ్లు చూసినవాడికి, బైశాఖి పండుగ నాడు పల్లెల నుంచి మనుషులొస్తారని తెలియదా? ఆ పూటంతా ఇదే నా మనసులో మెదులుతూనే ఉంది.

లోపల ఇటుక గోడమీద తూటా గుర్తుల చుట్టూ తెల్లగా గళ్లు గీశారు. ఒకటి సరిగ్గా నా నడుమెత్తున ఉంది. గుంట అంచున ఇటుక పెచ్చులూడిపోయింది. 50 మంది సిపాయిలు, సుమారు పది నిమిషాలు, 1650 తూటాలు. హెచ్చరిక లేదు. జనం ఎక్కడ గుంపుగా ఉంటే అటే కాల్పించాడు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 379 మంది. కాంగ్రెస్ విచారణ వెయ్యికి దగ్గరంది. గాయపడ్డవాళ్లని అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

రెండు నెలలు తిరక్కముందే అఫ్గాన్ యుద్ధంలో థల్ కోటని ముట్టడి నుంచి విడిపించాడు. ఈ కాల్పుల వల్ల 1920లో ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. అయితే బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభ 129-86 ఓట్లతో అతని పక్షానే నిలిచింది. మార్నింగ్ పోస్ట్ పత్రిక చందాలు పోగుచేసి 26 వేల పౌండ్లు ఇచ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్కణ్ణుంచి కూచా కౌడియాన్‌వాలా సందు అడుగుతూ వెళ్లాం. ఏప్రిల్ 10న మిస్ షేర్వుడ్ అనే మిషనరీ టీచర్‌ని కొందరు అక్కడ కొట్టి పడేస్తే, ఆమెని కాపాడింది కూడా భారతీయులే. అయినా ఆ సందులో వెళ్లే భారతీయులెవరైనా పొట్టమీద పాక్కుంటూనే పోవాలని డయ్యర్ ఆర్డరేశాడు. ఇళ్లున్నవాళ్లకి వేరే దారేది?

సగం దూరం వెళ్లేసరికి అక్కకి మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఒక గడప దగ్గర చతికిలబడింది. లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చి, మేమెవరమని కూడా అడక్కుండా స్టీలు గ్లాసుతో మంచినీళ్లిచ్చింది.