బ్యాగు అడుగున దొరికిన చెంచా

నిన్న తమ్ముడి పాత బ్యాగు దులుపుతుంటే అడుగున మాడి నల్లబడిన చెంచా ఒకటి కనిపించింది. వాడు హెరాయిన్ తీసుకునే రోజుల నాటిది. అలాగే కూలబడిపోయాను.

అప్పట్లో 3 నెలలు డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చాడు. ముఖం తేటపడింది, వేళకు తింటున్నాడు. గండం గడిచిందనుకున్నాం. కొన్నాళ్లు మానేస్తే హెరాయిన్ లాంటి మత్తును తట్టుకునే శక్తి శరీరానికి తగ్గిపోతుందని మాకెవరూ చెప్పలేదు. మనసుకు మాత్రం పాత మోతాదే గుర్తుంటుంది. వాడు ఒకే ఒక్కసారి, ఆ పాత లెక్కలోనే తీసుకున్నాడు.

బాత్‌రూమ్ తలుపు పగలగొట్టేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. గొంతులోంచి గురక లాంటి శబ్దం. కాసేపటికి అదీ లేదు. అంబులెన్స్ వాళ్లు హెరాయిన్ ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ అనే మందు ఇచ్చాక 2-3 నిమిషాలకు ఊపిరి అందుకున్నాడు. ఆ మందు ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, మళ్లీ ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"ఎంత మొండివాడివిరా" అని వాణ్ణి ఎన్నిసార్లు తిట్టానో! అది జబ్బని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. షుగరు ఉన్నవాళ్లను ఎవరైనా తిడతామా?

మీ ఇంట్లో ఎవరైనా మానేసి తిరిగొస్తే ఆ మొదటి వారాలు దయచేసి ఒంటరిగా వదలకండి.

చెంచా పారేశాను. వాడికి చెప్పలేదు.